వంటాయన ద్రోహం చేయడు

ఈ వ్యాసం వల్ల మనసు నొచ్చుకోబోయే వారందరికీ ముందుగానే చేతులు జోడిస్తున్నాను. రెండో ప్రపంచయుద్ధంలో పోరాడిన ఇరుపక్షాల సైన్యాలకు, ఎడారికి, ఒంటెలకు, మీసాలున్న కెప్టెన్లకు, సినిమాని సినిమాలాగే చూడాలనే పెద్దమనుషులకు. మీ అందరి పరువూ తీశాను, క్షమించండి. ఈ పనిలో నన్ను చేర్చుకున్నాయన ఇప్పుడు లేరు. చందాపురలో మా కింది ఇంట్లో ఉండే ఓనర్ తాత పోయిన నెల వెళ్ళిపోయారు. ఆదివారం పొద్దున ఉప్మాకి రవ్వ వేయించి, పొయ్యి ఆపి, కుర్చీలో కూర్చున్నవారు మళ్ళీ లేవలేదు.

నేను పైనుంచి పరుగెత్తుకొచ్చేసరికి ఆయన భార్య స్టవ్ తిప్పే బిళ్ళని చేత్తో తడుముతోంది. ఆమెని నేను అవ్వా అంటాను. ఆమెకి చూపు పోయి చాలా కాలమైంది.

"పొయ్యి ఆపే పోయినాడు చూడప్పా," అంది.

తాత పీణ్యలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేసి రిటైరైన మనిషి. నేను సర్జాపుర రోడ్డులో కంప్యూటర్ ముందు కూర్చుని, వండిన అన్నం ఫోన్లో వెతుక్కునే మనిషిని. ఇల్లు చూడటానికి వచ్చిన రోజు ఆయన నా జీతం అడగలేదు, కులం అడగలేదు. "అన్నం వార్చేది వచ్చునా?" అన్నారు. రాదన్నాను. నా వైపు చూసిన చూపులో, మా కాలేజీ నాకిచ్చిన పట్టా అక్కడికక్కడే రద్దయిపోయింది.

వాళ్ళిద్దరికీ ఒక సినిమా ఉండేది. పాత నలుపు తెలుపు ఇంగ్లీషు సినిమా. పెళ్ళయిన కొత్తలో దండు, అంటే కంటోన్మెంటు వైపు థియేటర్లో ఇద్దరూ కలిసి చూసిన మొదటి బొమ్మ. బయట పోస్టరు మీద ఒంటె ఉంది కాబట్టి లోపల పాటలు ఉంటాయనుకుని వెళ్ళారట. పాటలు లేవు. ఇద్దరికీ ఇంగ్లీషూ లేదు. తాత ఏమాత్రం తగ్గకుండా, చీకట్లో అవ్వ చెవిలో కథంతా చెప్పేశారు. ఎప్పుడో ఒక అద్దెవాడు దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చినప్పటినుంచీ ప్రతి ఆదివారం మధ్యాహ్నం టీవీలో అదే సినిమా, తాత నోట అదే కథ.

కథ చిన్నదే. ఎడారిలో ఒక పాడుకోట, అందులో చిక్కుకుపోయిన కొందరు సిపాయిలు, ఎండిపోయిన బావి. లోపలి కబుర్లు ఎవరో వైర్‌లెస్‌లో శత్రువుకి చేరవేస్తున్నారు. ఆ గూఢచారి ఎవరు?

"రాప్పా, యుద్ధం శురువాయె. సుమ్నే కూసో," అని, అంటే గమ్మున కూర్చోమని, తాత నన్నూ పిలిచేవారు. ఇసుక తుఫాను వచ్చినప్పుడు పళ్ళెంలో రవ్వ పోసి అవ్వ చెవి దగ్గర ఆడించేవారు. సిపాయిలకి నీళ్ళు దొరికేదాకా ఆ ఇంట్లో ఎవరూ గుక్కెడు తాగకూడదు. బావిలో ఊట పడగానే అందరికీ మజ్జిగ. మే నెలలో ఆ క్రమశిక్షణ పాటించినవాణ్ణి నేను, నాకూ ఒక పతకం రావాలి.

ఇక అసలు సంగతి. మొదటి ఆదివారమే నాకు అర్థమైంది, తాత తప్పు మనిషిని పట్టుకున్నారని. ఆయన లెక్కలో గూఢచారి మీసాల కెప్టెన్. సిపాయిలకి వండిపెట్టే వంటాయన దేవుడు. తెర మీద ఇంగ్లీషులో మాత్రం వైర్‌లెస్ నొక్కేది వంటాయనే. కెప్టెన్‌ని వెనకనుంచి కాల్చేదీ ఆయనే. చివర్లో ఆయన చేతులు వెనక్కి విరిచికట్టి జీపులో తీసుకుపోతారు.

ఆ తుపాకీ పేలగానే అవ్వ తొడ చరిచేది. "మంచిపని చేసినాడు! మీసాలోడు సచ్చినాడా?"

"సచ్చినాడు."

"మనోణ్ణి యాడికి తీసుకపోతాండారు?"

"సన్మానానికి. చూడు, చేతులు ఎనక్కి పెట్టుకోని ఎంత దర్జాగా కూసున్యాడో."

నేను నోరు మూసుకున్నది మజ్జిగ కోసం. అయినా చదువుకున్న నోరు కదా, ఎన్నాళ్ళు ఆగుతుంది? ఒకరోజు మేడ మీద బట్టలు తీస్తుంటే చెప్పేశాను. "తాతా, ఏమనుకోవద్దు. గూఢచారి కెప్టెన్ కాదు, వంటాయన."

తాత లుంగీ మడతపెట్టడం ఆపలేదు. "తెలుసప్పా. పెన్‌డ్రైవ్ ఇచ్చిన పిల్లోడు ఎప్పుడో చెప్పినాడు."

"మరి?"

"థియేటర్లో నాకేం తెల్సు? అన్నం పెట్టేటోడు అట్ల చేస్తాడని నాకు తోచనే లేదు. ఆమె అబుటినుంచి ఆయప్పని మనింటి మనిషి మాదిరి చూసుకుంటాంది. ఇబుడు పోయి కాదంటే, నేను వండిన అన్నం ఆమె ఎట్ల తినల్ల?" మడతపెట్టిన లుంగీ భుజాన వేసుకుని, "ఆమెతో అనొద్దప్పా," అన్నారు. ఆయన నన్నేదైనా అడగడం అదొక్కసారే. ఇంటద్దె కూడా అడిగేవారు కాదు, మెట్ల కింద నిలబడి దగ్గేవారంతే.

దినాలయ్యాక వచ్చిన ఆదివారం మధ్యాహ్నం అవ్వ కిందినుంచి పిలిచింది. టీవీ తనే పెట్టుకుంది. తాత ప్లాస్టిక్ కుర్చీని నా వైపు జరిపింది.

"నువ్వు చెప్పప్పా. నీకు ఇంగ్లీషు వచ్చు కదా. ఆయన మాదిరి అల్లొద్దు. ఉండేది ఉండేట్ల చెప్పు."

నీళ్ళ చెంబు వైపు చూశాను. ఊట పడటానికి ఇంకా చాలా టైముంది. రవ్వ డబ్బా వెతికి పళ్ళెంలో పోశాను. తాత ఆఖరి రోజున వేయించిన రవ్వే, డబ్బాలో ఎత్తిపెట్టి ఉంది. అవ్వ చెవి దగ్గర తుఫాను ఆడించాను. తుపాకీ పేలింది.

"ఎవురు కాల్చింది?"

"మన వంటాయనే అవ్వా."

"మంచిపని చేసినాడు," అంది. తొడ చరవలేదు, మెల్లగా నిమురుకుంది. "ఇబుడు యాడికి?"

కనుక, పాఠకులారా, పైన చెప్పిన క్షమాపణలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. ఆ సైన్యాలకీ ఒంటెలకీ నేను చేసిందేమీ లేదు. నిజంగా చేసింది ఒక్కటే. రెండు చేతులూ కట్టేసిన ఒక శత్రు గూఢచారిని చూస్తూ, పళ్ళెంలో రవ్వ ఆడిస్తూ, జీపు ఇసుకలో కలిసిపోయేదాకా అవ్వకి చెబుతూనే ఉన్నాను. "సన్మానానికి అవ్వా. దండలు కూడా తెచ్చినారు."