ఒంటిగొంతు వెర్నా

వెర్మాంట్ కొండల్లో ఈస్ట్ హార్లో అనే చిన్న ఊరుంది. ఏటా మార్చి మొదటి మంగళవారం ఊరంతా బడి హాల్లో చేరి రోడ్ల సంగతీ, మంచు తీసే బండి సంగతీ తేల్చుకుంటుంది. సభాధ్యక్షుడు డ్వైట్ అడిగినప్పుడు ఇష్టమైనవాళ్లు ‘సరే’ అనీ, కానివాళ్లు ‘వద్దు’ అనీ అరవాలి. ఊరంతా సరే అన్నచోట నలభై ఏళ్లుగా వద్దంటూ వస్తున్న మనిషి ఒక్కతే, వెర్నా తిబొడో. స్కూలు బస్సు నడిపి రిటైరైంది. ఫైరింజను కొందామన్నా వద్దంది. ఆ ఫైరింజనుకు డబ్బు పోగెయ్యడానికి ఆపిల్ పై రొట్టెలు చేసి అమ్మిందీ ఆవిడే!

“అందరూ ఒకే మాటన్నారంటే ఎవరో ఒకరు జడిసి నోరు మూసుకున్నట్టే. వాళ్ల బదులు నేనంటున్నా” అనేది.

ఎన్నికల ప్రచారమంటే ఆవిడకు ఒళ్లు మంట. టీవీలో అభ్యర్థి పళ్లికిలిస్తే టీవీ కట్టేసేది. పోస్టులో వచ్చిన కరపత్రాలతో పొయ్యి రాజేసేది. “ఓటు కావాలంటే నా ఎదురుగా కూచుని, నేను వండిన బీన్సు తిని, అడిగినదానికి జవాబు చెప్పాలి” అనేది.

అలాంటి మనిషి ఈ ఏడాది తానే ఇల్లిల్లూ తిరగాల్సొచ్చింది. సభ ఎత్తేసి, ఓటు కాగితాలు పోస్టులో పంపుకుందామని పాల ట్యాంకరు నడిపే క్లేటన్ తీర్మానం పెట్టాడు. వెర్నాకు ఏడాది మొత్తానికీ ఉన్న పండగ ఆ సభే; బీన్సు కుండ మోసుకెళ్లి ఊరందరికీ వడ్డించేదీ అక్కడే. బురదలో బూట్లు కూరుకుపోతున్నా ప్రతి తలుపూ తట్టింది. జనం నవ్వేశారు. “నువ్వు దేనికి వద్దనలేదు గనక?” అన్నారు. ఎప్పుడూ వద్దనే నోటికి విలువేముంటుంది?

చివరికి క్లేటన్ ఇంటికే వెళ్లింది.

“ఒరే, నా బస్సులో కిటికీ సీటు కోసం ఏడ్చేవాడివి. ఇప్పుడు నా సభకే ఎసరు పెడతావా?”

“నాకేమన్నా సరదానా పెద్దమ్మా? మంగళవారం పాలెత్తకపోతే ఆవులు ఊరుకుంటాయా? పన్నెండేళ్లయింది, ఆ హాల్లో నేను సరే అన్లేదు, వద్దూ అన్లేదు.”

ఇన్నాళ్లూ వెర్నా ఎవరి బదులు అరుస్తున్నాననుకుందో, ఆ నోరులేని మనిషి వీడే; జడిసి కాదు, పనికిపోయి. అక్కణ్ణుంచి ఇంటికొచ్చేసింది.

సభ రోజు క్లేటన్ సెలవు పెట్టుకుని వచ్చాడు. వెర్నా లేచి నిలబడింది.

“వీడన్నది నిజం” అంది. ఆవిడ నోట అలాంటి మాట ఎన్నడూ వినని హాలు నోరు తెరుచుకుని చూసింది. “పనికెళ్లేవాడికి సభ లేనట్టే. అంతమాత్రానికి సభని చంపడమెందుకు? శనివారం పెట్టుకుందాం. చట్టం ఒప్పుకుంటుంది, కనుక్కొచ్చా.”

క్లేటన్ తల గోక్కున్నాడు. “శనివారమైతే మీ బీన్సు కుండ నేనే మోసుకొస్తా. నా తీర్మానానికి నేనే ఓటెయ్యను పొండి!”

డ్వైట్ గొంతు సవరించుకున్నాడు. “సభ ఎత్తేద్దామనేవాళ్లు సరే అనండి.”

ఒక్క గొంతూ లేవలేదు. వెర్నా గెలిచింది. సంతోషంతో ఆవిడ ముఖం చేటంత అయింది. అటు చూసింది, ఇటు చూసింది. అంతమంది మనుషులు, ఒక్కటే మౌనం. ‘సరే’ల వంతు అయిపోయిందని కొట్టడానికి డ్వైట్ బల్ల మీది సుత్తి ఎత్తాడు. ఆవిడ ఇక తట్టుకోలేకపోయింది.

“సరే!” అని అరిచింది.

హాలు గొల్లుమంది. “పెద్దమ్మా, మీరు ఎత్తేద్దామంటున్నది మీ సభనే!” అన్నాడు క్లేటన్ పొట్ట పట్టుకుని.

“తెలుసులేరా. ఎవరో ఒకరు అనాలిగా!”

“వద్దనేవాళ్లు?” అని డ్వైట్ అడగ్గానే కిటికీ అద్దాలు దద్దరిల్లాయి. నలభై ఏళ్లకు ఊరంతా తన మాట అందుకుంటే, వెర్నా మాత్రం పెదాలు బిగించి కూర్చుని, నవ్వాపుకోలేక కళ్లు తుడుచుకుంది.