పెద్ద పిస్టల్, మర్యాదగల కుడిచెయ్యి

ఇవ్వాళ బెంగుళూరులో ఉండాల్సినవాణ్ణి ఇక్కడ మీ పక్కన కూర్చుని చాయ్ తాగుతున్నానంటే, దానికి కారణం నా రెండు చేతులే. ఇంకెవరినీ అనడానికి లేదు. నవ్వుకోండి, కానీ మొత్తం విన్నాక నవ్వండి!

మా షూటింగ్ క్లబ్బు సంగతి మీకు కొంత తెలుసు. మాదాపూర్ దాటాక ఆ పెద్ద బండల వెనక, సీతాఫలం పొదల మధ్య, ప్రతి ఆదివారం తొమ్మిది మందిమి అట్టల మీద గురి చూసి కాలుస్తుంటాం. కూకట్‌పల్లి నుంచి నా సైకిల్ మీద నలభై నిమిషాలు. ఎదురుగాలి ఉంటే యాభై రెండు. లెక్కపెట్టాను.

క్లబ్బు నడిపేది కప్తాన్ సాబ్. ఫౌజులో పనిచేసి వచ్చిన మనిషి. మీసం ఎంత నిటారో మాట అంత నిటారు. నిరుడు పోలీసు చర్య అయినప్పటి నుంచి ఆయుధాల లైసెన్సు అంటే ఎంత పరేషానో చెప్పనక్కర్లేదు. క్లబ్బు పిస్టళ్ళన్నీ ఆయన పేరు మీదే ఉన్నాయి. పెట్టెకు తాళం, తాళంచెవి ఆయన మెడలో. పిస్టల్ ఇంటికి తీసుకుపోవడం దేవుడెరుగు, బండల అవతలికి కూడా దాటనివ్వడు.

రెండు నెలల కింద ఆయన మూడు కొత్త పిస్టళ్ళు తెచ్చాడు. కొత్తవంటే మాకు కొత్త. ఇంగ్లండు వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర కొన్నవి. బల్ల మీద కంబళి పరిచి, చిన్నది, నడిమిది, పెద్దది వరసగా పెట్టి అన్నాడు.

"బెంగుళూరుల పోటీ ఉన్నది. మనోళ్ళు నలుగురు పోతరు. ఎవరికి ఏది గావాల్నో ఇయ్యాలే రిజిస్టర్ల రాయుండ్రి. సెలెక్షన్ మ్యాచ్ దాక ఇగ మార్చుడు లేదు. అట్ట ఖరాబైతే మనిషి పిస్టల్‌ను తిడ్తడు. నా క్లబ్బుల అది నడవది!"

బెంగుళూరు! నేను రైల్లో వికారాబాద్ దాటి ఎరగను. రోడ్ల దఫ్తర్‌లో కొలతల పని చేసేవాడికి దూరపు ఊళ్ళు కాగితం మీదే కనిపిస్తాయి. పాత పిస్టల్‌తో నేను పది తూటాలకు ఎనభై తగ్గకుండా కొట్టేవాణ్ణి. నలుగురిలో నేను ఉండి తీరాలనుకున్నాను. అనుకోవడమేమిటి, మర్నాడే నాలుగు రోజుల సెలవుకు అర్జీ పెట్టాను. వదినకు బెంగుళూరు పట్టుచీర తెస్తానని మాట కూడా ఇచ్చాను.

మిగతావాళ్ళు పిస్టళ్ళను చేత్తో పట్టుకుని, కన్ను మూసి, "ఇది బాగుంది, అది బాగలేదు" అంటున్నారు. నాకు నవ్వొచ్చింది. పిస్టల్ ఏమన్నా మామిడిపండా, నొక్కి చూడడానికి? నేను స్కేలు తీశాను. దారం తీశాను. బల్ల మీదే ఒక పట్టిక గీశాను. గొట్టం పొడవు, బరువు, మీట లాగడానికి పట్టే బలం, గురి చూసే ముందు గుర్తుకూ వెనక గుర్తుకూ మధ్య దూరం, ఇలా మొత్తం తొమ్మిది కాలాలు, అంటే నిలువు గళ్ళు. అసలు కీలకం ఆ గుర్తుల మధ్య దూరంలో ఉంది. చిన్నదానికి అది ఆరంగుళాలు, పెద్దదానికి తొమ్మిది. అట్ట ఇరవై గజాల్లో ఉంది, అంటే ఏడొందల ఇరవై అంగుళాలు. గుర్తు వెంట్రుకవాసి పక్కకు జరిగితే చిన్న పిస్టల్‌తో ఆ తప్పు అట్ట దగ్గర నూట ఇరవై రెట్లవుతుంది. పెద్దదానితో ఎనభై రెట్లే! ఇంత సులువైన లెక్క పక్కన పెట్టి జనం కన్ను మూసుకుంటున్నారు.

"పెద్దది శాన బరువుంటది," అన్నాడు పక్కనున్న వకీల్ సాబ్. మా క్లబ్బులో భారీ మనిషి ఆయనే. ఆయన చిన్నది తీసుకున్నాడు.

"బరువుంటే చెయ్యి ఊగది వకీల్ సాబ్. అది రెండో కాలంల ఉన్నది."

కప్తాన్ సాబ్ పెద్ద పిస్టల్ ఎత్తి నాకు అందించాడు. "జర పట్టి సూడు. ఎట్లుంది?"

రెండు చేతులతో వినయంగా అందుకుని, కుడిచేత్తో పట్టుకున్నాను. అబ్బ! పిడి మీద బొటనవేలికి ఒక చిన్న అరుగు, అరచేతికి ఒక బొడిపె. చేతికోసమే చెక్కినట్టుంది.

"అతికినట్టున్నది సాబ్!"

రిజిస్టర్‌లో పేరు రాసేశాను. పెద్దదాన్ని ఇంకెవరూ ముట్టలేదు. మూర్ఖులు, అనుకున్నాను.

మరుసటి ఆదివారం గురి చూసే గీత దగ్గర నిలబడ్డాను. పిస్టల్‌ను కాల్చే చేతిలోకి మార్చుకున్నాను. మార్చుకోగానే ఆ బొటనవేలి అరుగు నా అరచేతిలో మేకులా దిగింది.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. నాది ఎడమచేతి వాటం.

మీలో ఎవరికీ తెలియదు కదూ? ఎలా తెలుస్తుంది! తినేది కుడిచేత్తో, రాసేది కుడిచేత్తో, ఇచ్చేది పుచ్చుకునేది కుడిచేత్తో. బళ్ళో పంతులు నా ఎడమచేతిని బల్లకు కట్టేసి మరీ నేర్పాడు. నలుగురి కళ్ళ ముందు చేసే ప్రతి పనీ కుడిచేతిది. రాయి విసరాలన్నా, మేకు కొట్టాలన్నా, తుపాకి కాల్చాలన్నా మాత్రం ఎడమది. పాత పిస్టల్ పిడి రెండు వైపులా ఒకేలా గుండ్రంగా ఉండేది కాబట్టి ఇన్నాళ్ళూ గొడవ రాలేదు. తొమ్మిది కాలాలు గీసిన మహానుభావుడు "ఏ చెయ్యి?" అనే పదో కాలం గీయలేదు.

కప్తాన్ సాబ్ నన్ను ఎగాదిగా చూశాడు. "మరి ఆ దినం కుడిచేత్తోని పట్టినవ్ గద!"

"పెద్దోళ్ళు ఇస్తుంటే ఎడమచేత్తోని ఎట్ల పట్టుకుంట సాబ్?"

"నీ అదబ్ సల్లగుండ! ఆ మర్యాద అన్నం గురించి నేర్పిన్రు నీకు, పిస్టల్ గురించి కాదు!"

మార్చమని అడిగే మొహం లేదు. బతిమాలగా బతిమాలగా ఒక్క దారి ఇచ్చాడు. "ఇనుము ముట్టకు. చెక్క మార్చుకో." పిడికి రెండు వైపులా ఉండే చెక్కలు విప్పి చేతిలో పెట్టాడు. పిస్టల్ మాత్రం పెట్టెలోనే.

కూకట్‌పల్లిలో వడ్ల ఈరయ్య తాత ఉన్నాడు కదా, బండిచక్రాలు చేసే వడ్రంగి. ఆయన దగ్గరికి పోయాను. పాత చెక్కలు చూపించి, "తాతా, ఇనుముకు అతికే వైపు ఇట్లనే ఉండాలె. చెయ్యి పట్టే వైపు నా చేతికి సరిపోవాలె" అన్నాను. అంగుళంలో ఎనిమిదో వంతు దాకా కొలతలు వేసిన కాగితం ఇచ్చాను. పదిహేడు కొలతలు!

తాత కాగితాన్ని తిప్పి చూసి, దానిమీద బీడీ పెట్టాడు. "గివన్ని నాకెందుకు బిడ్డా? ఇగో, గీ మట్టిముద్ద పట్టి గట్టిగ పిసుకు. నీ చెయ్యి ఎట్లున్నదో అదే జెప్తది."

తడిమట్టి ముద్ద చాపాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. నేను ముద్ద పట్టి గట్టిగా పిసికాను. ఏ చేత్తో పిసికానో మీరే చెప్పండి!

నాకు తట్టలేదు, ఒట్టు. ఇంటికి పోయి అన్నం తిన్నాను, పడుకున్నాను, హాయిగా నిద్రపోయాను. దుక్కి రోజులు కావడంతో తాతకు నాగళ్ళ పని తెగలేదు. "అయితది, ఫికర్ జెయ్యకు" అంటూ వారాలు జరిపాడు. ఆ వారాలన్నీ నేను ఇంట్లో ఇస్త్రీపెట్టె ఎడమచేత్తో చాచి పట్టుకుని నిలబడి, గడియారం చూసి సెకండ్లు లెక్కపెట్టాను.

"ఏంది తమ్మీ గిది? బట్టలు కింద ఉంటే పెట్టె గాలిల పెడ్తివి?" అనేది వదిన.

"బెంగుళూరు వదినా, బెంగుళూరు!"

సెలెక్షన్ మ్యాచ్ రోజు పొద్దున తాత గుడ్డలో చుట్టిన చెక్కలు ఇచ్చాడు. మూట విప్పే టైము లేదు. ఆ రోజు నలభై నిమిషాల దారి ముప్పై మూడులో తొక్కాను. కప్తాన్ సాబ్ స్వయంగా మరలు బిగించాడు. ఆయన కళ్ళు మెరిశాయి. "వాహ్! ఎవరు చెక్కిన్రు?" అంటూ అందించాడు.

కుడిచేత్తో అందుకున్నాను. ఏం చెప్పను! ప్రతి వేలికీ దాని ఇల్లు దానికుంది. బొటనవేలు వెళ్ళి పరుపు మీద పడుకున్నట్టు పడుకుంది. ఒక్క క్షణం, ఒక్కటే క్షణం, ప్రపంచంలో నా అంత సుఖపడ్డవాడు లేడు. ఆ తర్వాత పిస్టల్‌ను ఎడమచేతిలోకి మార్చాను.

మళ్ళీ మేకు! ఈసారి టేకు మేకు. పైగా నా సొంత చేతి అచ్చుది.

"ఏమైంది?" అన్నాడు కప్తాన్ సాబ్.

"తాత ముద్ద ఇచ్చిండు సాబ్..."

"అయితే?"

"పెద్దాయన గద సాబ్..."

ఆయనకు అర్థమవడానికి రెండు సెకండ్లు పట్టింది. నవ్వడానికి పావుగంట. వకీల్ సాబ్ అయితే బండకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

ఇక చేసేదేముంది! జన్మలో మొదటిసారి మ్యాచ్‌లో కుడిచేత్తో కాల్చాను. మొదటి రెండు తూటాలకు పదకొండు. ఇంటికి పోదామనుకున్నాను. కానీ ఆ పిడి మామూలుది కాదు, నా చెయ్యి వంకరపోదామన్నా పోనివ్వదు. ఏడు, ఎనిమిది, ఏడు, ఎనిమిది... తొమ్మిది తూటాలకు అరవై నాలుగు! అప్పటికే ముగ్గురికి ఎనభై దాటాయి. నాలుగో చోటు డెబ్బై నాలుగుతో వకీల్ సాబ్‌ది. నాకు పది పడితే ఇద్దరం సమానం. వెనక నవ్వులు ఆగిపోయాయి. వకీల్ సాబ్ కూడా లేచి నిలబడ్డాడు.

ఊపిరి బిగబట్టి మీట లాగాను.

ఎనిమిది.

"డెబ్బై రెండు," అన్నాడు కప్తాన్ సాబ్. ఎవరూ నవ్వలేదు. అదే ఇంకా బాధ అనిపించింది. ఇంతలో ఆయన నా పిస్టల్ తీసి, పిడి పట్టుకుని, చెయ్యి చాచి, అలాగే నిలబడిపోయాడు. అట్ట మీద ఐదు తూటాలు కాల్చాడు. నలభై ఎనిమిది! "నీ చెయ్యి, నా చెయ్యి ఒక్క తీరే ఉన్నయయ్యా. బెంగుళూరుకు నేను దీన్నే తీస్కపోత" అన్నాడు. ఆ మాటతో కడుపు నిండింది, నిజం చెబుతున్నా.

మొన్న నాంపల్లి స్టేషన్‌లో ఆ నలుగురినీ, వాళ్ళతో కప్తాన్ సాబ్‌నూ రైలెక్కించి ఇంటికొచ్చి కూర్చున్నాను. వదిన అన్నం పెడుతూ ఓదార్చింది.

"ఏం రంది పెట్టుకోకు తమ్మీ. నీ కుడిచెయ్యి పోయింది గద బెంగుళూరు! చీర అది తెస్తది తియ్యి."