వెనక్కి తిప్పిన రెండు ఊఫర్లు

నా అంగడికి వచ్చిన వాళ్ళలో సౌండు తగ్గించమని అడిగినవాణ్ణి ఇంతవరకు చూడలేదు. ఒక ఊఫర్ ఉన్నవాడు రెండు పెట్టమంటాడు, రెండున్నవాడు నాలుగంటాడు. కడప బైపాసు పక్కన రేకుల షెడ్డు వేసుకొని కార్లకు ఊఫర్లు, అంటే బేసు కొట్టే పెద్ద స్పీకర్లు, బిగించడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. మొదట్లో నాకూ అదే పిచ్చి. డిక్కీలో పెట్టె బిగించి పాట పెడితే, ఆ బేసుకు గుండె దడదడలాడితే, ఆ పూట అన్నం లేకపోయినా పర్వాలేదనిపించేది. ఇప్పుడు ఇంకో ఊఫర్ అన్నమాట వింటేనే నీరసం వస్తుంది. పైన రేకుల వేడి, లోపల కారు వేడి, నడుం వంచి డిక్కీలో తల దూర్చి చేసే పని. సాయంత్రానికి ఒళ్ళు హూనం.

ఒంటిదేముంది, నాలుగు మెతుకులు తిని పడుకుంటే తెల్లారేసరికి తేరుకుంటుంది. చెవులు తేరుకోలేదు. ముందు గుయ్యిమని ఒక రొద మొదలైంది. ఎక్కడో మోటారు ఆడుతోందనుకొని ఇంట్లో ఫ్యాను ఆపి, బయటికి పోయి వెతికాను కూడా. ఆ మోటారు నా తలలోనే ఉందని తెలిసిరావడానికి చాలా రోజులు పట్టింది. సరుకు తేవాలని ఇంట్లో చెప్పి కర్నూలు పోయి, ఒక చెవుల డాక్టరుకు చూపించుకున్నాను. ఆయన నన్నొక చిన్న గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నాడు. నేను నొక్కింది తక్కువ, నొక్కుదామని కాచుకొని కూర్చున్నది ఎక్కువ. కుడి చెవి దాదాపు పోయిందనీ, ఎడమది సగమే ఉందనీ, ఈ పని మానకపోతే ఆ సగమూ మిగలదనీ చెప్పాడు. చెవికి పెట్టుకునే మిషన్ కూడా రాసిచ్చాడు.

ఆ కాగితాన్ని స్క్రూల డబ్బా అడుగున దాచాను. ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకు కూడా. చెవులు సరిగా లేనివాడి దగ్గరికి సౌండు పెట్టించుకోవడానికి ఎవడొస్తాడు? ఈ మాట బయటికి పొక్కితే అంగడి మూసుకోవడమే. నాకు ఇంకో పని రాదు. అందుకే చేతిని నమ్ముకున్నాను. ఊఫర్ మీద అరచెయ్యి ఆనిస్తే అది ఎంత ఊగుతుందో తెలుస్తుంది, డిక్కీ రేకు మీద వేళ్ళు పెడితే అదురు తెలుస్తుంది. చేతికి తెలిసింది చెవికి తెలిసినట్టే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మా ఆవిడ అదే షెడ్డులో ఒక మూల కుట్టుమిషన్ వేసుకొని సీటు కవర్లు కుడుతుంది. ఊఫర్ పెట్టెలకు బట్ట అంటించేదీ ఆమే. ఆమెకొక అలవాటు ఉంది. నా పని అయిపోయిందని చెప్పగానే, కవరు ముడతలు సర్దాలంటూ పోయి ముందు సీట్లో కూర్చుంటుంది. కాసేపుండి దిగుతూ, "ఏమయ్యా, ఆ ఎడంపక్కది రవంత చూడరాదా" అంటుంది. "నీ మిషన్ సంగతి నువ్వు చూసుకో తల్లీ, నా పని నాకు తెలుసు" అని కసురుకునేవాణ్ణి. కసురుకుంటూనే పోయి చూస్తే ఏదో ఒక వైరు వదులుగా ఉండేది. బిగించి వచ్చేవాణ్ణి. అదంతా ఆమె చాదస్తమనీ, వైరు దొరకడం నా అదృష్టమనీ అనుకున్నాను తప్ప అంతకుమించి ఆలోచించలేదు.

మొన్నటి ఎండాకాలం వేంపల్లె నుంచి ఒకాయన పెద్ద తెల్లబండి వేసుకొని వచ్చాడు. చీనీ, అదే బత్తాయి తోటలున్నాయి, కాయల వ్యాపారమూ ఉంది. అంతకుముందు నా దగ్గరే రెండు ఊఫర్లు పెట్టించుకున్నాడు.

"అన్నా, రెండు చాలడం ల్యా. నాలుగు కావాల. నేను వస్తాండానని ఊరి బయటనే తెలియాల."

"ఎవరికి తెలియాలప్పా?"

"అందరికీ!"

నాలుగు కలపడమంటే దుకాణంలో నాలుగు కొనుక్కొచ్చి పడేయడం కాదు. నాలుగూ ఒకే రకం కావాలి, ఒకే సైజు కావాలి. అన్నిటికన్నా ముఖ్యం, నాలుగూ ఒకేసారి ముందుకు తోయాలి, ఒకేసారి వెనక్కి లాగాలి. రెండు తోస్తున్నప్పుడు రెండు లాగితే, వీటి గాలిని అవి మింగేస్తాయి. బయటికి సౌండే రాదు. ఇదంతా ఆయనకు చెప్పాను. "నువ్వు చూసుకుంటావు కదన్నా" అన్నాడు. చూసుకున్నాను. పాత రెంటికి జత అయినవే ఇంకో రెండు తెప్పించి, నాలుగింటికీ కలిపి ఒకటే పెట్టె చేయించి బిగించాను. మా ఆవిడ బట్ట అంటించింది, ముందు సీట్లో కూర్చొని ముడతలు సర్దింది, ఏమీ అనలేదు. ఆయన పాట పెట్టుకొని సంతోషంగా పోయాడు.

రెండు రోజులకు మళ్ళీ వచ్చాడు. బండికి కొత్తగా ఏం చేయించినా వాళ్ళింట్లో పూజ చేయిస్తారట. పూజకు వచ్చిన సిద్ధాంతి డిక్కీ తెరిపించి చూసి, ఇది పనికిరాదన్నాడట.

"నవ్వొద్దన్నా. బండి తోలేవాని వీపెనక నాలుగు నోర్లు తెరుచుకోని ఉండకూడదంట. రెండన్నా అటు తిప్పాలంట."

"దేవుడా! అవి నోర్లు కాదప్పా, ఊఫర్లు."

"నాకు తెల్దా? మాయమ్మకు ఎవరు చెప్తారు? తిప్పేదాక బండెక్కనని కూర్చోనుండాది."

మా పక్క ఊఫర్లకు పసుపు కుంకుమ పెట్టినవాళ్ళను చూశాను. నిమ్మకాయలు కట్టినవాళ్ళను చూశాను. కొబ్బరినీళ్ళు చల్లి చేజేతులా పాడుచేసుకున్నవాణ్ణి కూడా చూశాను. వీపు వెనక నోరుందని భయపడి తిప్పమన్నవాళ్ళను చూడటం అదే మొదలు. వాదించే ఓపిక లేదు. "సరేలేప్పా, తిప్పుదాం" అన్నాను.

ఆ రోజు మా ఆవిడ షెడ్డులో లేదు. మంగంపేట గనుల్లో పనిచేసే వాళ్ళ బావకు ఒంట్లో బాగాలేదంటే చూసిరావడానికి పోయింది. నేనొక్కణ్ణే రెండు ఊఫర్లు ఊడదీసి, ముఖం పెట్టె లోపలికి, వెనకుండే అయస్కాంతం బయటికి వచ్చేట్టు తిరగేసి బిగించాను. ఇట్లా తిరగేసినప్పుడు వాటి వైర్లు కూడా మార్చి ఇవ్వాలి. ఎర్రది నల్లదాని చోట, నల్లది ఎర్రదాని చోట. లేకపోతే మిగతా రెండూ బయటికి తోసేటప్పుడు ఇవి లోపలికి తోస్తాయి. కడపలో సగంమంది ఫిట్టర్లకు ఈ సంగతి నేర్పించింది నేనే. ఆ రోజు నేనే మరిచిపోయాను. ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి ఇచ్చి అలవాటైపోయిన చేతులు అట్లాగే ఇచ్చేశాయి.

పాట పెట్టి అరచెయ్యి ఆనించాను. అబ్బ, ఏం ఊగుతున్నాయవి! ఇన్నేళ్ళలో ఊఫర్ అంతలా ఎగరడం చూడలేదు. ఇంకా నా చేతిలో పనితనం పోలేదని లోలోపల మురిసిపోయాను కూడా. ఆయన ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూనే బండెక్కి వెళ్ళిపోయాడు.

మూడో రోజు పొద్దున్నే షెడ్డు ముందు బండి ఆగింది. దిగుతూనే మొదలుపెట్టాడు.

"ఏందన్నా ఇది? నాలుగు పెట్టినాక రెండున్నప్పటి సౌండు కూడా ల్యా. యాడికి పోయింది?"

"యాడికీ పోల్యా, ఈడనే ఉండాది. చెయ్యి పెట్టి చూడు, ఎట్ల ఎగురుతాండాదో."

"చెయ్యి పెట్టేదేందన్నా? చెవి పెట్టాల గాని!"

ఆ మాట నాకు స్పష్టంగా వినపడింది. ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. కోపం తన్నుకొచ్చింది. "పోయి నీ చెవులు డాక్టరుకు చూపించుకోప్పా" అన్నాను. ఎంత సిగ్గులేని మాట! అనేశాక కూడా నోరు ఆగలేదు. నువ్వు పుట్టకముందు నుంచి ఈ పనిలో ఉన్నాననీ, సౌండు నాకు నేర్పొద్దనీ అరిచాను. ఆయనకు ముప్పై అయిదేళ్ళుంటాయి, ఆ లెక్క కూడా తప్పే. నేను అరిచేకొద్దీ ఆయన గొంతు తగ్గించాడు. అంత పెద్దబండి వేసుకొచ్చినవాడు నన్నొక మాట కూడా అనకుండా నిలబడ్డాడు.

ఆ ముందురోజే ఊరినుంచి వచ్చిన మా ఆవిడ మిషన్ ఆపి లేచింది. పోయి ముందు సీట్లో కూర్చుంది. నేను వెనక డిక్కీ దగ్గర, ఆయన మధ్య తలుపు దగ్గర. పాట నడుస్తూనే ఉంది. ఆమె ముఖం అద్దం వైపు ఉంది, నాకు జడ మాత్రమే కనిపిస్తోంది. కాసేపటికి ఆయన ఆమె వైపు చూశాడు. తర్వాత నావైపు చూశాడు. నా జవాబు కోసం ఎదురుచూస్తున్నట్టు చూశాడు. లోపలికి వంగి చెయ్యి చాపి పాట ఆపేశాడు.

"ఏమన్నా, పలకవు?"

"ఏందప్పా?"

"వదిన అడుగుతాండాది కదా. 'నువ్వు చెప్తావా, నన్నే చెప్పమంటావా' అంటాండాది. రెండుసార్లు అడిగింది. ఏందన్నా ఆ చెప్పేది?"

ఆమెకు తెలుసు. ఎప్పటినుంచో తెలుసు. సీటు కవర్లకు ముడతలేమీ లేవు. నా సౌండు బాగుంటుందని ఎర్రగుంట్ల నుంచి, రాయచోటి నుంచి వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు మెచ్చుకున్నది ఇన్నాళ్ళూ ఆమె చెవులను. నేను కసురుకుంటూ పోయి బిగించిన ప్రతి వైరూ ఆమెకు వినపడిన వైరే. ముందు కోపమొచ్చింది, నా దగ్గర దాచిందని. దాచింది ఎవరో గుర్తొచ్చి ఆ కోపం కూడా నిలవలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గు కింద ఏదో బరువు దిగుతున్నట్టు కూడా అనిపించింది. మోసీ మోసీ అంత అలిసిపోయానని అప్పటిదాకా నాకే తెలియదు.

"నాకు వినపడదప్పా" అన్నాను.

"ఏందీ?"

"చెవులు పోయినాయి. ఒకటి పూర్తిగా, ఒకటి సగం. నీ బండికి సౌండు వస్తాందో లేదో నాకు తెల్దు."

ఆయన వెళ్ళిపోతాడనుకున్నాను. బండి తాళాలు చేతిలోనే ఉన్నాయి. వాటిని అటూ ఇటూ తిప్పి, "ఎప్పటినుంచన్నా?" అని అడిగాడు. చాలా రోజులైందన్నాను. ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దని అడగబోయి మానేశాను. ఆయన మా ఆవిడ వైపు తిరిగి, "మరి ఇప్పుడెట్ల వదినా?" అన్నాడు.

ఆమె కారు దిగి వచ్చి నా ఎడమపక్కన నిలబడింది. గొంతు పెంచి, ఒక్కో మాటా విడదీసి అడిగింది.

"తిప్పిన రెండింటికీ వైర్లు మార్చినావా?"

నెత్తి కొట్టుకున్నాను. ఇరవై ఏళ్ళు మిషన్ తొక్కుతూ నేను పదిమందికి చెప్పిన పాఠమంతా వింటూ కూర్చుంది కదా. ఐదు నిమిషాల పని. రెండు వైర్లు ఊడదీసి అటుదిటు ఇటుదటు మార్చాను. ఆమె వెళ్ళి మళ్ళీ ముందు సీట్లో కూర్చుంది. ఈసారి కవరు ముట్టుకోలేదు. ఆయన పాట పెట్టాడు. పెట్టగానే ఆయన ముఖం విప్పారింది. మా ఆవిడ సీట్లోంచి పూర్తిగా వెనక్కి తిరిగి, నాకు పెదవులు కనపడేట్టు, "ఇప్పుడు బాగుండాది" అంది.

నేను ఊఫర్ మీద అరచెయ్యి ఆనించాను. మొన్న ఎగిరినంత ఎగరడం లేదు. సగం కూడా లేదు. ఒకే పెట్టెలో ఎదురెదురుగా కొట్టుకునేటప్పుడు అడ్డులేక ఎగిరినవి, కలిసి తోసేసరికి పెట్టెలోని గాలి అడ్డుపడి అణిగాయి. నా చేతిని అడిగితే పని చెడిపోయిందనే చెబుతుంది. ఆమె బాగుందంది. చెయ్యి తీసేసి డిక్కీ మూశాను.