నాలుగో గడిలో తలుపు

1996. శంషాబాద్ దగ్గర హైవే పక్కన ఒక రెడీమేడ్ బట్టల కార్ఖానాకు కొత్త భవనం డిజైన్ చేస్తున్నాను. కింద గోదాము, పైన అరవై మంది ఆడవాళ్లు పనిచేసే కుట్టు హాలు. అప్పటిదాకా వాళ్లు కాటేదాన్‌లో పాత షెడ్డులో కుట్టేవాళ్లు.

యజమాని వెంకటరమణ గారు రెండో మెట్లు తీసేయమన్నారు. వాటిని ఫైర్ ఎస్కేప్ అంటాం; మంటలు అంటుకుంటే బయటపడే దారి. "ఆ చోట ఇంకో ఎనిమిది మిషన్లు పడతాయమ్మా" అన్నారు. ప్లాన్ చూపించి ఎంత చెప్పినా వినలేదు. ప్లాన్ అంటే భవనాన్ని పైనుంచి చూసినట్టు గీసే గీతలు. వాటిలో మనుషులుండరు.

అందుకే మనుషుల్ని పెట్టి ఆరు గడుల కామిక్ గీశాను. కుడుతున్న ఒకామె, కిందినుంచి పొగ, పరుగు, తలుపు, పొగ నిండిన ఒక్కగానొక్క మెట్లు, చివర కిటికీ దగ్గర ఆమె ముఖం.

"చిన్నపిల్లల పుస్తకంలా ఉంది" అని ఆయన నవ్వారు. శాంపిల్ చొక్కాలు తెచ్చిన మరియమ్మను పిలిచి చూపించారు. ఆమెది జల్‌పల్లి. తొమ్మిదేళ్లుగా ఆయన దగ్గరే కుడుతోంది.

మరియమ్మ నవ్వలేదు. ఒక్కో గడి మీద వేలు పెట్టుకుంటూ వెళ్లి నాలుగోదాని దగ్గర ఆగింది.

"మేడం, గిది తప్పు గీసిన్రు."

"ఏది?"

"తలుపు తెరిచున్నట్టు గీసిన్రు. మేం షెడ్డులకు పోంగనే బయటికెల్లి తాళం ఏస్తరు."

వెంకటరమణ గారి ముఖం మారిపోయింది. "బట్ట దొంగతనం అవుతోందని వేయిస్తున్నాను. నిన్నెవరడిగారు?"

ఆమె చేతులు కొంగులో దాచుకుంది. అయినా ఆగలేదు. "తప్పయితే మాఫ్ చెయ్యుండ్రి సార్. తాళంచెవి వాచ్‌మన్ కాడ ఉంటది. ఆయన చాయ్ తాగనీకి రోడ్డు దాటి పోతడు. గప్పుడు మంటలంటుకుంటే మేం ఎట్ల రావాలె?"

ఆయన ఆమెను పంపేశారు. నన్ను మర్నాడు రమ్మన్నారు. నా బొమ్మల వల్ల ఆమె పని పోతుందేమోనని భయపడ్డాను.

మర్నాడు కూర్చోకముందే చెప్పేశాను. రెండో మెట్లు లేకపోయినా, తాళం తీయకపోయినా, మరియమ్మను తీసేసినా డ్రాయింగుల మీద సంతకం పెట్టను.

ఆయన కామిక్ బల్ల మీద పరిచారు. "నిన్న పాత షెడ్డుకు వెళ్లానమ్మా. లోపల నిలబడి తాళం వేయించుకుని వాచ్‌మన్‌ని పిలిచాను. గొంతు నొప్పెట్టినా రాలేదు. చాయ్ తాగొచ్చాకే తీశాడు." కాగితం నా వైపు జరిపారు. "మెట్లు ఉంచండి. తాళం నిన్ననే తీయించాను."

మరియమ్మ పని పోలేదు. కొత్త హాల్లో ఆ రెండో మెట్ల పక్క మిషనే అడిగి తీసుకుందట.

నేను ఆయన్ని భయపెట్టాలని బొమ్మలు గీశాను. ఆ తలుపు సంగతి నాకే తెలియదు. అప్పటినుంచి ఏ భవనానికి కామిక్ గీసినా, యజమాని కంటే ముందు అందులో పనిచేయబోయేవాళ్లకు చూపించి ఒకటే అడుగుతున్నాను, ఎక్కడ తప్పు గీశానో చెప్పమని.