ప్రౌట్ గారి కొండదారి

యూనిస్ థిబోడోకి కోపం వస్తే ఊరంతా వినేది. పగ పట్టిందంటే మాత్రం పక్కింటివాళ్లకు కూడా తెలిసేది కాదు, ఎందుకంటే అప్పుడు ఆమె చాలా మర్యాదగా మాట్లాడేది. న్యూ హాంప్‌షైర్ కొండల్లో ఉన్న మా హెర్రిక్ మిల్స్‌లో బడి బస్సు నడిపేది ఆమే. గట్టి మనిషి, నోరు ఇంకా గట్టిది.

ఆమె ప్రాణమంతా కూతురి కూతురు మార్నీ మీదే. కూతురు ఎక్కడో నగరంలో ఆసుపత్రి ఉద్యోగం చేసుకుంటూ ఎప్పుడో ఒకసారి వచ్చిపోయేది, పిల్ల మాత్రం అమ్మమ్మ దగ్గరే పెరిగింది. మార్నీకి నత్తి. మొదటి అక్షరం దగ్గరే గొంతు బిగుసుకుపోయి, మొహం ఎర్రబడి, చివరికి చెప్పబోయిన మాట మింగేసి తల దించుకునేది. బడిలో మిస్ లాటిమర్ అని మాట నేర్పే టీచరమ్మ ఉండేది. ఎంతసేపైనా ఓపిగ్గా వినేది, పిల్ల నోట్లో మాటను తను లాక్కుని చెప్పేది కాదు. అమ్మమ్మకూ అదే నేర్పింది. క్రమంగా మార్నీ నోరు తెరుచుకుంది. దుకాణంలో తనంతట తాను ఐస్‌క్రీం అడిగిన రోజున యూనిస్ బస్సులో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

మా ఊళ్లో బడి నడిచేది చాలావరకు ఇంటి పన్నుల మీదే. మార్చిలో ఒక శనివారం బడి ఆటల హాల్లో అందరం కూర్చుని, బడికి ఎంత ఖర్చు పెట్టాలో రంగు కార్డులెత్తి తేల్చుకుంటాం. ఎవరైనా లేచి ఇంత తగ్గించండి అని అడగవచ్చు, ఇంకొకరు బలపరిస్తే దాన్ని ఓటుకు పెట్టాల్సిందే. కానీ అడిగేదెవరు? సభలో పెట్టే ఉడికించిన చిక్కుడు గింజలూ ఆపిల్ పైలూ తిని, ఆవులిస్తూ కార్డులెత్తి ఇళ్లకు పోయేవాళ్లం.

ఆ ఏడు సరిగ్గా సభ రోజునే ఎండ కాసింది. రాత్రంతా గడ్డకట్టే చలి, పొద్దున్నే ఎండ, ఇక మేపుల్ చెట్లలో రసం ఆగుతుందా? కారిన రసాన్ని వెంటనే కాచి తియ్యటి పాకం చెయ్యకపోతే పాడవుతుంది. పిల్లలున్న ఇళ్లవాళ్లందరూ పొయ్యిల దగ్గరే ఉండిపోయారు. యూనిస్ కూడా వెళ్లలేదు. ఏటా జరిగే తంతే కదా అనుకుంది.

వెళ్లినవాళ్లలో వెండెల్ ప్రౌట్ ఉన్నాడు. బోస్టన్‌లో ఇన్సూరెన్సు వ్యాపారం చేసి, నాలుగు రాళ్లు వెనకేసుకుని, మా కొండ కొమ్మున అద్దాల ఇల్లు కట్టుకున్న పెద్దమనిషి. తనలాంటివాళ్లను ముందుగానే పోగేసుకుని వచ్చాడు. లేచి నిలబడి, బడి ఖర్చును దాదాపు సగానికి కోసెయ్యాలన్నాడు. ఎవరి అవసరానికి వాళ్లే పెట్టుకోవాలట, పరాయి పిల్లల చదువుకు తన జేబు కొట్టడం అన్యాయమట. హాలు సగానికి పైగా ఖాళీ. కార్డులు లేచాయి, మాట నెగ్గింది.

పొయ్యి ఆవిరికి తడిసిన జుట్టుతో ఇల్లు చేరిన యూనిస్‌కు ఆ కబురు తెలిసింది. ఆ రాత్రి ఎవరినీ తిట్టలేదు, తన్నే తిట్టుకుంది. వేసవి దాటేసరికి బడిలో సంగీతం పోయింది, లైబ్రరీకి తాళం పడింది, మిస్ లాటిమర్ పని పోయింది. ఆవిడ బదులు ఎవరో కంప్యూటర్ తెర మీద ఎప్పుడో ఒకసారి కనిపించి పాఠం చెబుతుందన్నారు. తెర ముందు మార్నీ పెదవి కదపలేదు. పోనుపోను ఇంటి గడప దాటితే మాటే మానేసింది.

ఒకరోజు పోస్టాఫీసులో ప్రౌట్ ఎదురయ్యాడు. మహా మంచివాడిలా వంగి, నీ పేరేమిటి పాపా అని మార్నీని అడిగాడు. పిల్ల గొంతు బిగుసుకుంది. రెండు క్షణాలు కూడా ఆగకుండా నవ్వేశాడు.

"సిగ్గు కాబోలు. పర్లేదులెండి, పెద్దయ్యాక అదే వస్తుంది" అని యూనిస్‌తో అని, ఉత్తరాలు తీసుకుని వెళ్లిపోయాడు.

యూనిస్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా చిరునవ్వుతో, "మంచిదండి, ప్రౌట్ గారూ" అంది. ఆ రోజునుంచీ ఆమె మర్యాద మొదలైంది.

బస్సు నడిపే మనిషికి ఊరి దారులన్నీ కంఠతా వస్తాయి. ప్రౌట్ గారి దారి కొండెక్కి ఆయన గేటు దగ్గర ఆగిపోతుంది. దాని మీద ఇంకో ఇల్లు లేదు. ఆ ఒక్క ఇంటి కోసం ఊరి బండి చలికాలమంతా కొండెక్కి మంచు తోస్తుంది, ఊరి పన్నులతోనే. పాతికమంది సంతకాలు పెడితే ఏ సంగతినైనా మార్చిలో బడి సభ కాగానే జరిగే ఊరిసభలో ఓటుకు పెట్టవచ్చు. యూనిస్ ఇల్లిల్లూ తిరిగి, ఆ దారిని ఇకపై ఊరు చూసుకోనక్కర్లేదని సంతకాలు పెట్టించింది. నోటీసు అందుకున్న ప్రౌట్ పగలబడి నవ్వాడని విన్నాం. ఇలాంటి వాటికి ఎవరొస్తారులే అనుకున్నాడు. ఆ పొరపాటు ఏమిటో యూనిస్‌కు బాగా తెలుసు.

ఆ మార్చిలో కూడా ఎండ కాసింది, రసం పొంగింది. పొంగితే పొంగనీ, ఒక్క రోజు పాకం పోతే చచ్చిపోం అని యూనిస్ ప్రతి గుమ్మంలోనూ నిలబడి చెప్పింది. హాల్లో కుర్చీలు చాలక జనం గోడలకు ఆనుకుని నిలబడ్డారు. ముందుగా బడి సభలో, పోయినేడు కోసిన డబ్బంతా తిరిగి తెచ్చుకున్నాం. ఏం లాభం, మిస్ లాటిమర్ వేరే ఊళ్లో ఉద్యోగంలో చేరిపోయింది, ఇక రానంది. ఆ తర్వాత ఊరిసభలో ప్రౌట్ దారి సంగతి వచ్చేసరికి ఆయన మొహం పాలిపోయింది. మా ఆవిడకు ఒంట్లో బాగుండదు, దారి మూసుకుపోతే ఎలా అన్నాడు.

"ఎవరి అవసరానికి వాళ్లే పెట్టుకోవాలని మీరేగా అన్నారు" అంది యూనిస్, ఎంతో మెత్తగా. "మీ కొండ మంచు మీరే తోయించుకోండి."

హాలంతా కార్డులు లేచాయి. ప్రౌట్ లేచి బయటికి నడుస్తుంటే ఎవరూ తప్పుకుని దారివ్వలేదు.

మంచు మొదలయ్యాక ఆయన తిక్క కుదిరింది. మంచు తోసే బండ్లున్నవాళ్లంతా ఎవరో ఒక బడిపిల్ల తండ్రో బాబాయో. ఎవరిని అడిగినా ఖాళీ లేదండి అన్నారు. ఆయన భార్య పట్నంలో చెల్లెలి ఇంటికి వెళ్లి అక్కడే ఉండిపోయింది. మా ఊళ్లో ఎవరికీ జాలి వేయలేదు. నాకూ వేయలేదు.

జనవరిలో ఒక సాయంత్రం ప్రౌట్ మోకాలిలోతు మంచులో కొండ దిగి యూనిస్ గుమ్మం ముందు నిలబడ్డాడు. దారిని ఊరు మళ్లీ చూసుకోవాలని అర్జీ రాసుకుని వచ్చాడు. యూనిస్ సంతకం పెడితేనే మేం పెడతామని ఊళ్లో అందరూ చెప్పి పంపారు.

"తప్పయింది, యూనిస్ గారూ. ఇల్లొక్కటే మిగిలింది నాకు, మనిషి లేదు. మీ సంతకం పడితే మా ఆవిడ తిరిగొస్తుంది" అన్నాడు. కళ్లద్దాల మీద మంచు కరిగి కారుతోంది.

యూనిస్ లోపలికి రమ్మనలేదు. "నన్నడిగి లాభం లేదండి. దీన్నడగండి" అని మార్నీని గుమ్మంలోకి పిలిచింది.

పిల్లను అందులోకి లాగడం పాపమని తర్వాత ఒకరిద్దరు అన్నారు. అనుకోనీ. ప్రౌట్ వంగి పిల్లను అడిగాడు, మీ అమ్మమ్మను సంతకం పెట్టమంటావా అని. మార్నీ నోరు తెరిచింది. గొంతు బిగుసుకుంది, మెడ నరాలు తేలాయి, మాట రాలేదు. గాలి మంచును లోపలికి కొడుతోంది. ప్రౌట్ కాళ్లు మార్చుకుని, పర్లేదు పాపా అనబోయాడు.

"ఆగండి. చెబుతోందిగా" అంది యూనిస్.

ఆయన నోరు మూసుకుని నిలబడ్డాడు. చలికి గడ్డం వణికింది. కదలడానికి లేదు, తొందరపెట్టడానికి లేదు. పిల్ల ఆయన మొహంలోకి సూటిగా చూస్తూ మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ ఆగింది, ఈసారి తల మాత్రం దించలేదు.

"చ... చ... చలేస్తోంది, అమ్మమ్మా. త... తలుపేసెయ్."

యూనిస్ తలుపు వేసేసింది.