మోటార్లు ఆడే వేళ

పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుందనగా, ఒక ఏప్రిల్ నెలలో నన్ను మందస, సోంపేటల మధ్య హైవే పక్కనున్న ఒక ఊరికి పంపారు. అప్పుడు నేను భూగర్భ జలాల శాఖలో డిప్యూటీ డైరెక్టర్ని, మకాం టెక్కలి. అక్కడ ఒక బావిలో డీజిల్ వాసన ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చి మూడు రోజుల్లో నివేదిక ఇవ్వాలి.

బావి దమయంతమ్మ అనే కొబ్బరి రైతుది. వీధి వీధంతా తాగేది ఆ నీళ్లే. కిడ్నీ జబ్బుల భయంతో ఉద్దానంలో నీళ్ల మాటెత్తితేనే జనానికి గుండె దడ. అలాంటి చోట బావి కంపు కొడితే ఊరుకుంటారా? గట్టు పక్కనే ఆమె పాత ఆయిలింజను ఉంది. "నీ ఇంజనే కారి మా నోట్లో ఇసం పోసినావు" అని అందరూ ఆమె మీద పడ్డారు. నేనూ అదే రాస్తే బావి పూడ్చేస్తారు, ఆవిడ ఆ వీధిలో తలెత్తుకుని తిరగలేదు.

బావికి తూర్పున, నూటయాభై అడుగుల దూరంలో పెట్రోలు బంకు ఉంది. రోజూ ట్యాంకులో కడ్డీ ముంచి కొలుస్తున్నాం, చుక్క తేడా లేదని మేనేజరు చెప్పాడు. సన్నటి కారుడు ఆ కడ్డీకి అందదని నాకు తెలుసు. కానీ ఉద్దానంలో పనిచేసిన మా వాళ్లందరికీ కంఠతా వచ్చిన పాఠం ఒకటుంది: ఇక్కడ నేలలోపలి నీరు పడమటి కొండల నుంచి తూర్పున సముద్రంలోకి పోతుంది. బంకు డీజిలు ఎదురు నడిచి బావికెలా వస్తుంది?

అయినా పద్ధతి పద్ధతే. బావిలోనూ, బంకు దగ్గర బోరులోనూ, దక్షిణాన ఇంకో బోరులోనూ నీటిమట్టం కొలిచి, నేల ఎత్తుపల్లాలు సరిచూసుకుంటే నీరు ఎటు వాలుతోందో తెలుస్తుంది. మర్నాడు పొద్దున్న ఏడింటికి కొలిచాం. బావి మట్టం బంకు కంటే బెత్తెడు ఎత్తు. వాలు తూర్పుకే. ఫీల్డు పుస్తకంలో "బంకు నుంచి రావడం అసంభవం" అని రాసి, కింద గీత కూడా గీశాను.

జీపెక్కుతుంటే దమయంతమ్మ అడ్డం నిలబడింది.

"ఏటి బాబూ, కరెంటు రాకుండానే ఎలిపోతన్నారు? మోటార్లు ఆడినప్పుడే గదా కంపు వత్తాది! అప్పుడు సూడండి."

అప్పుడు చురుక్కుమంది. వ్యవసాయ కరెంటు తొమ్మిదికిస్తారు. పడమటి వైపు కొబ్బరి తోటల మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. వేసవిలో రోజూ అంత నీరు తోడేస్తుంటే అక్కడి మట్టం కుంగదా? ఓరి నాయనో, నా తలకెందుకు తట్టలేదు!

దిగిపోయాం. మా టెక్నికల్ అసిస్టెంటు జోగారావు మట్టం కొలిచే టేపు బావిలోకి వదిలాడు. మొన నీటికి తగలగానే అది కూస్తుంది. అరగంటకోసారి బావికీ బంకుకీ మధ్య పరుగులు పెట్టాం. ఎండ మాడ్చేస్తోంది, నాకేమో అన్నం మాటే గుర్తు లేదు. పన్నెండు దాటాక జోగారావు "సార్, వాలు తిరిగిపోయింది!" అని కేకేశాడు. నోర్మూసుకోవయ్యా అని కసిరి, టేపు లాక్కుని నేనే మూడుసార్లు కొలిచాను. నిజమే! బావి మట్టం బంకు కంటే కిందికి పోయింది. ఆ వయసులో గంతులేస్తే బాగుండదని ఊరుకున్నాను.

మర్నాడు బంకుకీ బావికీ నడిమధ్య ఇసక నేలలో చేతి బర్మాతో కన్నం వేయించాం. బెయిలరు, అంటే అడుగున మూత ఉండే సన్నటి గొట్టం, నీటి దాకా దించి పైకి లాగితే నీళ్ల మీద రెండు వేళ్ల మందాన డీజిలు తేలింది. ఇంజను కింద మన్ను తవ్వితే నూనె మరక అడుగు లోతులోనే ఆగిపోయింది. ఇక బంకువాళ్లకి తప్పలేదు. ట్యాంకు గొట్టాలకి గాలి ఒత్తిడి పరీక్ష పెడితే మీటరు ముల్లు జారిపోయింది. తవ్వి చూస్తే ఒక జాయింటు తడిసి ముద్దయి ఉంది.

ఆ బెయిలరు నేనే పట్టుకెళ్లి వీధిలో అందరికీ చూపించాను. ఒక్కొక్కరే వాసన చూసి బంకు వైపు తిరిగారు. దమయంతమ్మ మాత్రం నన్ను వదల్లేదు.

"మరి ఆ పొద్దుటేల రాసింది ఏటి సేసినారు?"

ఫీల్డు పుస్తకంలో కాగితం చింపకూడదు, ఒక గీతతో కొట్టేసి సంతకం పెట్టాలి. అలా కొట్టేసింది చూపించాను. ఆ నీళ్లు బాగుపడ్డానికి ఏళ్లు పడుతుందని కూడా చెప్పాను. నివేదికలో మాత్రం బావి పూడ్చమని రాయలేదు, బంకు గొట్టాలు మార్చి ఆ వీధికి కుళాయి నీళ్లివ్వమని రాశాను. ఇచ్చారు.

నేర్చుకున్నది ఇది. ఏ గంటకి, చుట్టూ మోటార్లు ఆడుతున్నాయా లేదా అన్నది రాయని నీటిమట్టం అసలు కొలతే కాదు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ నేను పొద్దున్నే చల్లటి పూట కొలిచి, ఎండెక్కక ముందే జీపెక్కినవాణ్ణి. అలా ఎన్ని ఊళ్లలో తప్పు రాసి వచ్చానో నాకు తెలియదు.