జనగణమన వేళ మేమెక్కడున్నాం

మా ఊరి బంగారు గనులు మూతపడిన కొన్నేళ్లకు, మా కేజీఎఫ్ కాలేజీ అమ్మాయిల హాకీ జట్టుకు నేను కెప్టెన్‌ని. ఒకసారి కోలారులో మ్యాచ్‌కు వెళ్తే, మైదానంలో బట్టలు మార్చుకునే గది లేదు. ఎదురింటి పెద్దమ్మ తన ఇంట్లో చోటిచ్చింది. మేమింకా జెర్సీలు తొడుక్కుంటుండగానే మైకులో జనగణమన మొదలైంది. ఎవరూ చెప్పకుండానే అందరం ఉన్నచోటే కదలకుండా నిలబడ్డాం.

మైదానంలోకి వెళ్లేసరికి గొడవ. జాతీయగీతానికి రాని జట్టును ఆడనివ్వకూడదని కొందరు పట్టుబట్టారు. ఎక్కడికి పోయారని నిర్వాహకుడు నన్ను అడిగాడు. బట్టలు మార్చుకుంటున్నామని అంతమంది మగవాళ్ల ముందు చెప్పడానికి నాకు సిగ్గేసింది.

ఇంతలో పెద్దమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"యాడికీ పోలేదప్పా, నా ఇంట్లోనే నిలబడినారు. ఆడబిడ్డలు గుడ్డలు మార్చుకునేదానికి మీరు చోటు పెట్టినారా?"

నిర్వాహకుడు "తప్పు మాదేనమ్మా" అని, గీతం మళ్లీ పాడించాడు. ఈసారి అందరితో కలిసి పాడాం.

ఆట ఓడిపోయాం. తిరుగు బస్సులో ఓటమి గురించి ఎవరూ బాధపడలేదు. పెద్దమ్మ అన్న ఆ మాట నేనే అని ఉండాల్సిందని మాత్రం నాకు చాలాకాలం అనిపించింది.